నేను కల్తీ చేసిన నవల

మా బాపు ఏ సరుకుల కల్తీ చెయ్యలేదని నేను ప్రమాణం చెయ్య. మిరియాల డబ్బాలకు బొప్పాయి గింజలు వాటంతట అవే నడిచొచ్చి పడ్డయంటే నమ్మేంత అమాయకురాలిని కాదు. కానీ ఒక నవలల కల్తీ కలిపినదాన్ని మాత్రం మా ఇంటి మొత్తంల నేనొక్కదాన్నే. ఆ నేరం బాపు మీదికి తొయ్యాలని చాలా ఏండ్లు చూసిన, వీలు పడలే.

సిద్దిపేట బజార్ల మాది కిరాణా దుకాణం. ముందర దుకాణం, వెనక ఇల్లు, నడుమ ఒక తడిక. తడిక ఇవతల నవ్వితే గిరాకీకి వినపడతది, అవతల గిరాకి దగ్గితే మాకు కూర మాడుతదా అని అనుమానం వస్తది. అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకది, గుడ్డ దొరకది, ఆఖరికి పొట్లాలు కట్టే కాయితం కూడా దొరకది. పట్నం నుంచి రద్దీ కాయితం కట్టలు వస్తే బాపు వాటిని బెల్లం ముద్దలకంటే భద్రంగ దాచేది. ఉర్దూ అక్బార్లు, కచేరీల పారేసిన దస్తావేజులు, బెజవాడ దిక్కు నుంచి తిరిగి తిరిగి వచ్చిన తెలుగు పత్రికలు, అన్నీ కలిసి ఒకే కట్టల ఉండేటివి. పగటీలి బువ్వ తిన్నంక దుకాణం ముందు పరదా వేసి అందరూ నడుం వాల్చేటాళ్ళకు నా పని మొదలు. ఆకులు చింపుడు, మెతుకుల బంక రాసుడు, పొట్లాలు చుట్టుడు.

నాకప్పుడు పదమూడేండ్లు. అరుగు మీది బడిల పంతులు తెలుగు చెప్పిండు. ఆయన చెప్పింది తక్కువ, కునికింది ఎక్కువ, అయినా చదువు వచ్చింది. ఇంకా పెండ్లి కాలే. కాకపోవుడుకు కారణం కూడా నా నోరే. ఒకసారి ఎవరో పెద్దామె చింతపండు బేరం చెయ్యవస్తే, బాపు లేని సమయం చూసి, పోయినేటి చింతపండును ఈయేటిదని అంటగట్టిన. పైంగ "అత్తా, ఇంత మంచి పండు మీ ఇంట్ల ఎన్నడన్న తిన్నరా?" అన్న. ఆమె ఆ పొట్లం పట్టుకొనే సక్కగ మా ఇంట్లకు వచ్చి కూసున్నది. పిల్లను చూడవచ్చిందట. చూసింది, పోయింది.

అసుంటి నా చేతికి ఒకనాడు కట్టల నుంచి ఒక నవల వచ్చింది. అట్ట లేదు, మొదటి ఆకులు లేవు, రాసినోళ్ళ పేరు లేదు. ఇప్పటికీ తెల్వదు. తెలిస్తే ఒక కార్డు ముక్క రాసి తప్పు ఒప్పుకునేదాన్ని.

నవలల ఒక ఆమె ఉంటది. కోస్తా దిక్కు ఏదో ఊరు. ఆమె మొగడు కచేరిల గుమస్తా. ఆమెకు తల్లి ఇచ్చిన హార్మోనియం పెట్టె ఒకటి. ఒకనాడు ఆమె గుడికి పోయి వచ్చేసరికి పెట్టె లేదు. మొగడు అమ్మేసిండు. నవలంతా ఆ పెట్టె చుట్టే.

నేను దాన్ని బిగ్గరగ చదువుకుంట పొట్లాలు చుట్టేదాన్ని. మనసుల చదువుడు నాకు ఇంకా రాకపోయేది. ఒకనాడు చదువుతుంటే పక్కన ఇసుర్రాయి చప్పుడు ఆగింది. మా వదినె. అన్న పెండ్లాం. నాకంటే ఆరేండ్లు పెద్ద. నారాయణరావుపేట దిక్కు పిల్ల. అక్షరం ముక్క రాదు. ఇంటికి వచ్చి రెండేండ్లయినా ఆమె గొంతు ఎట్లుంటదో తడిక అవతలోళ్ళకు తెల్వదు.

"ఆపినవేంది వదినె?" అన్న.

"నువ్వు ఆపినవ్ గద," అన్నది. "పెట్టె పోయింది. తర్వాత?"

గిరాకి దుకాణం మెట్టెక్కి నిలబడ్డప్పుడు మా బాపు మొఖంల ఒక వెలుగు వస్తది. ఆ వెలుగు నా మొఖంల కూడా వచ్చి ఉంటది. "తర్వాత ఊకె చెప్తరా? నా వంతు గిన్నెలు తోముతవా?"

"తోముత."

"నీళ్ళు కూడా తోడాలె."

"గిన్నెలొక్కటే. నీళ్ళు తోడితే రోజుకు రెండు తాపలు చదవాలె."

నోట్ల నాలుక లేదనుకున్న ఆడిమనిషి గట్ల అడిగేసరికి నేను బిత్తరపోయిన. గిన్నెలకే ఒప్పుకున్న. ఆ తెల్లారి నుంచి రోజుకో అధ్యాయం. ఆ నెల దినాలు నా చేతులకు బూడిద అంటలే.

చదువుడంటే ఉన్నదున్నట్టు కాదు. అది కోస్తా తెలుగు. "ఆయన వచ్చాడు, ఆమె వెళ్ళింది" అని చదివితే వదినె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. "పెండ్లాం మొగలు కొట్లాడుకుంట గూడ అంత ముద్దుగ మాట్లాడ్తరా ఆ దిక్కు?" అనేది. అందుకని నేను మన మాటల్లకు మార్చి చెప్పేదాన్ని. ఆ నవలల మాటమాటకు కాఫీ తాగేటోళ్ళు. మా ఇద్దరికీ కాఫీ అంటే తెల్వదు. జరం వస్తే తాగే కషాయం అనుకున్నం. "పాపం, ఇంటిల్లిపాదికి ఎప్పుడూ జరమే," అన్నది వదినె.

కానీ పెట్టె సంగతి వచ్చేసరికి నవ్వు బందయ్యేది.

"అమ్మేముందు అడిగిండా?" అన్నది.

"ఎవరిని?"

"ఆమెను."

వెనక్కి తిప్పి చూసిన. "అడిగినట్టు రాయలే."

"ఆమెకు చెవుడా?"

"కాదు."

"ఇంట్ల లేకుండెనా?"

"గుడికే గద పోయింది. గంటల వచ్చింది."

"గంట సేపు ఆగకపోయిండా?" అని ఇసుర్రాయి మళ్ళ తిప్పింది. ఆనాడు జొన్నపిండి మస్తు మెత్తగ పడ్డది.

ఆమె ఎందుకట్ల అడిగిందో ఇంట్ల అందరికంటే నాకు ముందు అర్థం కావాల్సి ఉండె. ఎందుకంటే మా ఇంట్ల కూడా అమ్మకానికి ఒకటి తయారుగ ఉండె.

వదినెకు అన్నదమ్ములు లేరు. తల్లి సచ్చిపోయేముందు పసుపుకుంకుమ కింద రెండెకరాల చెల్క భూమి ఆమెకు రాసిచ్చింది. పట్టా వదినె పేరు మీదనే. ఆమె మా ఇంట్ల అడుగు పెట్టిన దినం నుంచే దాన్ని మేము "మన చెల్క" అనేటోళ్ళం. మా పక్క దుకాణం ఖాళీ అయింది. దాన్ని తీసుకొని బట్టల దుకాణం పెట్టాలని బాపుకు, అన్నకు పానం కొట్టుకుంటుండె. చెల్క అమ్మితే జాగ వస్తది. పక్క చెల్క రైతు కొంటనన్నడు. ఇగ కావలసింది ఒక్కటే, వదినె బొటనవేలు.

వదినె కాదనలే. అవుననలే. "మా అవ్వను అడుగుత," అన్నది.

"మీ అవ్వ సచ్చిపోయింది గదనే," అన్నది మా అవ్వ, నన్ను కన్నతల్లి.

"కలలకు వస్తది అత్తా. వచ్చినప్పుడు అడుగుత."

మూడు నెలలయింది. ఆ ముసలామె కలలకు రాలే. "సచ్చినోళ్ళకు గూడ తీరిక లేకపాయె," అని మా అవ్వ తిట్టుకునేది. అన్న కసురుకునేది. వదినె తల వంచుకొని వడ్డించేది. ఆమె ఇష్టం లేదంటదని ఎవరికీ తోచలే. ఇష్టం అనేది ఒకటి ఉంటదని తోస్తే గద.

అప్పుడు బాపు నన్ను పిలిచిండు. గద్దె మీద బాసింపట్టు వేసుకొని కూసొని, పెద్ద షావుకారితో మాట్లాడినట్టు మెల్లగ అన్నడు.

"మీ వదినెకు ఏదో చదివి చెప్తున్నవట గద."

"కథ బాపూ."

"నీ మాట వింటది. నాలుగు మంచి ముక్కలు చెప్పు. ఆడిదానికి ఆస్తంటే ఏంది, సంసారమంటే ఏంది, కథల పెట్టి చెప్పు. వచ్చే బేస్తవారం దస్తావేజు రాసే మున్షీ సాబును పిలుస్తున్న."

"నాకేందీ?"

బాపు నవ్విండు. తన బిడ్డే అని నమ్మకం కుదిరినట్టుంది. "బట్టల దుకాణం పెట్టినంక మొదటి పట్టు పరికిణి నీదే."

"ఒకటా?"

"రెండు."

"జరీ అంచుతోని."

"సరె పో."

వదినెను అమ్మిన వెల అది. రెండు పరికిణీలు, జరీ అంచు. ఆ పూట గొప్ప బేరం కొట్టిన అనుకున్న.

నవల ఇంకొక పన్నెండు ఆకులు మిగిలింది. బాపు మాటకు పనికివస్తదా లేదా అని ముందుగనే చదివి చూసిన. ఆ ముండది ఇల్లు విడిచి పోతది! ఏడ్వది, బాయిల దుంకది, తల్లిగారింటికి పోది. వేరే ఊర్ల ఆడపిల్లల బడిల పంతులమ్మ అయితది. ఒక రూము కిరాయికి తీసుకుంటది. మొగడు తోలుకపోను వస్తే కాఫీ ఇచ్చి, "పెట్టె నాది, దాన్ని నేనిచ్చేదాన్నేమో కూడా. మీరు అడగలేదు," అని చెప్పి, పంపిస్తది. అంతే. కథ అయిపోయింది. పాపం చేసినందుకు పాము కరవది, పిడుగు పడది. ఇసుంటి సరుకును బేస్తవారం ముందు వదినె చేతుల పెడితే నా పరికిణీలు ఏం గావాలె?

అందుకని కలిపిన. మిరియాలల్ల బొప్పాయి గింజలు కలిపినంత సులువుగ.

ఆ పగటీలి పుస్తకం ఒళ్ళె పెట్టుకొని, ఆకు మీద చూపు నిలిపి, నోటికి వచ్చింది చదివిన. మొగడు పెట్టె అమ్మిన పైసలతో మేడ కట్టిండు. ఆమె చూసి "అయ్యో, నేనెంత మూర్ఖురాలిని" అన్నది. అత్త వచ్చి కావలిచ్చుకున్నది. "ఆడిదానికి మొగడే ఆస్తి, మొగనికి ఇల్లే ఆస్తి" అని ఒక ముక్క బాపుది, "పతి పాదాలే పుణ్యక్షేత్రం" అని ఒక ముక్క హరికథ దాసుది. చివరకు పిల్లలు, పాయసం. పాయసంల ఇలాచి కూడా వేసిన. మా దుకాణంల అప్పుడే కొత్త ఇలాచి వచ్చి ఉండె.

వదినె కండ్లు ఆర్పకుంట విన్నది. అయిపోయినంక చాటల చింతపండు ముందరేసుకొని గింజలు తీసుడు మొదలుపెట్టింది.

"ఎట్లున్నది?" అని నేనే అడిగిన.

"ఉన్నది," అన్నది.

తెల్లారి పగటీలి మళ్ళ వచ్చి నా ముందర కూసున్నది. "నిన్నటిది మళ్ళ చదువు."

"అయిపోయింది గద వదినె."

"మంచిగున్నది. మళ్ళొక్కసారి చదువు. నీళ్ళు గూడ నేనే తోడుత."

అచ్చుల ఉన్న మాటైతే వెయ్యిసార్లు చదివినా ఒక్కటే. నోట్లె నుంచి వచ్చింది ఎట్ల ఒక్కటైతది? మేడ అన్న కాడ మిద్దె అన్న. నిన్న అత్త వాకిట్ల కావలిచ్చుకున్నది, ఇయ్యాల బాయి కాడ కావలిచ్చుకున్నది. పాయసం మర్చేపోయిన. గుర్తొచ్చి ఆఖరుకు తెచ్చి పెట్టిన, కానీ అప్పటికే పిల్లలు పండుకున్నరు.

వదినె పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది.

"నిన్న పాయసం తిన్నంక పండుకున్నరు. ఇయ్యాల పండుకున్నంక తిన్నరు."

"అదీ..."

"నిన్న అంత సేపు చదివినవ్, ఒక్క ఆకు తిప్పలే. నాకు చదువు రాదు పిల్లా, కండ్లున్నయి."

దుకాణంల పుట్టి, దుకాణంల పెరిగి, ఒక్క సంగతి మర్చిపోయిన. చదువు రాని గిరాకి తక్కెడ ముల్లు చూడది, తూచేటోని చెయ్యి చూస్తది. మా బాపు వెయ్యిసార్లు చెప్పిన మాట.

"బాపు చెప్పమన్నడు," అని ఒప్పుకున్న. పరికిణీల సంగతి కూడా చెప్పిన, జరీ అంచుతో సహా. దొరికిపోయినంక దాచి ఏం లాభం.

ఆమె తిడ్తదనుకున్న. ఏడుస్తదనుకున్న. రెండూ చెయ్యలే. "రెండేనా?" అన్నది. "రెండెకరాలకు రెండు పరికిణీలా? ఇంక నాలుగు అడగకపోయినవ్?" నాకు ఆనాడు అన్నిటికంటే ఎక్కువ సిగ్గు ఆ మాటకే అయింది.

"ఇగ ఉన్నది చదువు," అన్నది.

చదివిన. ఈసారి ఆకులు తిప్పుకుంట, వేలు పెట్టుకుంట చదివిన. పంతులమ్మ, రూము, మొగడు వచ్చుడు, కాఫీ, ఆ ఆఖరు మాట. వదినె మొఖంల ఏదో మారుతదని చూసిన. ఏమీ మారలే. లెక్కలడిగే మొఖమే.

"రూము కిరాయి ఎంత?"

"రాయలే."

"బియ్యం ఎవరు తెచ్చిన్రు?"

"రాయలే."

"మొగడు కాఫీ తాగి పోయిండు. ఆ గిలాస ఎవరు కడిగిన్రు?"

"గది గూడ రాయలే వదినె."

"ఆమెనే కడిగి ఉంటది," అన్నది. కొంచెం సేపు ఆలోచించి, "ఇది రాసినోడు మొగోడే," అని తీర్పు చెప్పింది. "అయితె ఒక్కటి మంచిగ రాసిండు. 'ఇచ్చేదాన్నేమో కూడా' అన్నది సూడు. గది నిజం. అడిగితే నేనూ ఇచ్చేదాన్నేమో. ఏమో. ఎవలు అడిగిన్రు? వేలు తెమ్మన్నరు."

ఆ తర్వాత చాటల జొన్నపిండి పలచగ పరిచి నా ముందర పెట్టింది. "నా పేరు రాసి చూపెట్టు."

"నాకేందీ?" అన్నది నా నోరు. అలవాటు. వదినె చూసిన చూపుకు మళ్ళ మూసుకున్నది.

పిండిల పేరు రాసుడు నేర్పిన. రాసుడు, చాట ఊపుడు, మళ్ళ రాసుడు. మూడో దినం అవ్వ చూసింది, బాపుకు చెప్పింది. నేను తడుముకోకుంట, "సంతకం నేర్పుతున్న బాపూ, వేలిముద్ర కంటే గట్టిది గద," అన్న. బాపు ఎంత సంబురపడ్డడంటే, దుకాణానికి వచ్చిన ప్రతోనికి చెప్పుకున్నడు. "మా కోడలు దస్తఖత్ చేస్తది. ఈ బజార్ల ఇంకెవని కోడలన్న చేస్తదా?" నేను రెండు దిక్కుల కమీషను తినే దలాలి లెక్క నడుమ నిలబడ్డ. పేరు రాసుడు వచ్చినంక వదినె ఏం చేస్తదో నాకు నిజంగనే తెల్వదు. సంతకం పెట్టుడుకే నేర్చుకుంటుందేమో అని, పరికిణీల మీద ఆశ కొంచెం మిగిలే ఉండె. పేరు వచ్చినంక ఆమె నన్ను ఏమీ అడగలే. పుస్తకం తీసుకపోయి, బియ్యంల రాళ్ళు ఏరినట్టు, ఒక్కొక్క అక్షరం ఏరుకుంట కూసునేది.

బేస్తవారం పొద్దున మున్షీ సాబు వచ్చిండు. తెల్ల గడ్డం, నల్ల షేర్వాణి, చెవిల అత్తరు దూది. స్టాంపు కాయితం మీద ఉర్దూల దస్తావేజు రాసి తెచ్చిండు. అప్పుడు సర్కారు కాయితాలన్నీ ఉర్దూలనే. మాకు ఉర్దూ మాట్లాడుడు వచ్చు, చదువుడు రాదు. ఆయనకు తెలుగు మాట్లాడుడు వచ్చు, చదువుడు రాదు. ఏండ్ల నుంచి ఇట్లనే నడుస్తుండె, ఎవరికీ ఏ ఇబ్బంది కాలే. కొనే రైతు తలపాగ సర్దుకుంట ఒక మూలకు కూసున్నడు. ఆయనకు రెండు రాతలూ రావు. అందుకే అందరికంటే నిమ్మలంగ ఉన్నడు.

మున్షీ సాబు గడగడ చదివి, "మతలబు ఏంది అంటే, చెల్క ఈయనది అయింది, ఇగ బహూకు ఏం సంబంధం లేదు," అని తెలుగుల చెప్పిండు. అన్న సిరా బిళ్ళ తెచ్చి గడప కాడ పెట్టిండు. వదినె ముసుగేసుకొని వచ్చి కూసున్నది.

"అది తియ్యిరా," అన్నడు బాపు, అన్నను. "వేలు గాదు, కలం తే."

వదినె కలం తీసుకొని కాయితం మీదికి వంగింది. ఎసరు మరిగి బియ్యం ఉడికేంత సేపు రాసింది. నాలుగక్షరాల పేరుకు అంత సేపా అని నేను వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టిన. రాసి, కాయితం జరిపి, లేచి తడిక పక్కకు నిలబడ్డది.

మున్షీ సాబు చూసి తల ఊపిండు. "వాహ్! ముత్యాలు!" అని, తడి ఆరనీకె సన్నపు ఇసుక చల్లి, ఊది, కింద తను రాయాల్సిన వరుస రాసి, సాక్షి గీత గీయమని రైతుకే ఇయ్యబోయిండు.

"కొనేటోడే సాక్షా?" అని నవ్వుకుంట బాపు కాయితం అందుకున్నడు. కోడలు రాత కండ్లార చూసుకుందామని కండ్లద్దాలు పెట్టుకున్నడు. బజారంతా వినాలని గట్టిగ చదివిండు కూడా.

"చెల్క... ఇయ్య."

కింద పేరు. నేను నేర్పినట్టే, ఒక్క గీత తప్పు పోకుంట.

బయట ఎవరో ఉప్పు అడిగిన్రు, ఎవరూ పలుకలే.

"క్యా హువా షావుకార్?" అన్నడు మున్షీ సాబు.

"ఇది దస్తఖత్ గాదు మున్షీ సాబ్," అన్నడు బాపు. "జవాబు."

అన్న తడిక దిక్కు లేచిండు. బాపు చెయ్యి అడ్డం పెట్టిండు, దయతోని కాదు, బయట గిరాకి ఉన్నది. బాపు కోపం కూడా దుకాణదారు కోపమే. "ఆ మాట తెల్ల కాయితం మీద రాయరాదా?" అన్నడు పండ్లు కొరుక్కుంట. "స్టాంపు కాయితమే దొరికిందా? సర్కారు ముద్రున్న కాయితం ఖరాబు చేస్తివి గదనే!"

తడిక వెనక నుంచి వదినె అన్నది. రెండేండ్లల బయటోళ్ళు విన్న మొదటి మాట అదే. "తెల్ల కాయితం మీద రాస్తే పొట్లం కడ్తరు గద మామా."

రైతు ఫక్కున నవ్విండు. చేతికి వచ్చే చెల్క పోయింది, అయినా నవ్విండు. మున్షీ సాబు గడ్డం నిమురుకొని, "బాత్ తో సహీ హై, మాట నిజమే," అని కలం మూసిండు.

ఆ తర్వాత ఇంట్ల ఏం జరిగిందో రామాయణం చెయ్య. అన్న అన్నం ముట్టనన్నడు. రెండు పూటలు ముట్టలే, మూడో పూట వంకాయ కూర. బాపు నన్ను పిలిచి, "నువ్వే నేర్పినవా?" అన్నడు. "నేను పేరే నేర్పిన బాపూ," అన్న. నిజమే చెప్పిన, కానీ ధైర్యం కొద్ది చెప్పిన నిజం కాదది. తప్పించుకోనీకె చెప్పిన నిజం. వదినె నన్ను చూసింది. అవ్వ మూడు దినాలు వదినెను, వదినె తల్లిని, ఆ తల్లి కలలను విడివిడిగ తిట్టింది. నాలుగో దినం నా పక్కకు జరిగి, ఎవరూ వినకుంట, "ఆ హార్మోనియపామె మళ్ళ పెట్టె కొన్నదానే?" అన్నది. అవతల అర్రల దండం పెట్టుకుంట కూసొని నెల దినాలు మొత్తం కథ విన్నదన్న మాట. కల్తీది గూడ.

బట్టల దుకాణం రాలే. పక్క జాగల ఎవరో సైకిల్ దుకాణం పెట్టుకున్నరు.

కోతలు అయినంక వదినె, "చెల్క కాడికి పోయొస్త," అన్నది. అంతకుముందు కౌలు జొన్నలు బాపు పోయి తెచ్చేటోడు, ఎన్ని తెస్తే అన్ని. ఇప్పుడు బాపు పోనన్నడు, అన్న పోనన్నడు. "పోతే పో, నీ చెల్క గద," అని ఎత్తిపొడిచిన్రు. వదినె ఆ మాట ఎత్తిపొడుపని అనుకోలే. బండి మాట్లాడింది. కోడలిని ఒంటిగ పంపితే బజారు నవ్వుతదని అవ్వ నన్ను తోలింది. నేనూ సంబురంగనే ఎక్కిన. బేరంల వదినెకు చేతనైనంత సాయం చెయ్యాలని, చేసిన పాపం కొంత కడుక్కోవాలని నా ఉపాయం.

కల్లం కాడ కౌలు రైతు బక్కపలచటి మనిషి. మమ్ముల చూసి తువ్వాల నెత్తి మీది నుంచి తీసిండు. "ఎవరోళ్ళమ్మా? షావుకారి కోడలా?"

"ఈ చెల్క నాది," అన్నది వదినె. "మా అవ్వ ఇచ్చింది."

ఆయన ఒక్క ఘడియ చూసి, "మీ అవ్వ నాకు ఎరికే," అన్నడు. "అచ్చం గట్లనే నిలబడేది."

ఇగ బేరం. వాన తక్కువ పడ్డది, పురుగు తిన్నది, ఎద్దు సచ్చింది అని ఆయన మొదలుపెట్టిండు. నాకు నవ్వొచ్చింది. ఎద్దు అక్కడనే నిలబడి చొప్ప మేస్తుంది. "పెద్దయ్యా, ఈ ఎద్దు దయ్యమా?" అందామని నోరు తెరిచిన. ఇసుంటి కాడ నేను ఎనిమిది కుంచాలకు తగ్గేదాన్ని కాదు, పైన ఒక కుంచెడు అనుములు కూడా గుంజేదాన్ని.

వదినె అడిగింది, "మీకు తిండికి సరిపోతయా?"

నా పై పానం పైన్నే పోయింది. బేరంల ఎదుటోని ఆకలి అడిగినోడు ఈ భూమి మీద బాగుపడ్డడా? ఆమె నడుం మీద గిచ్చిన. ఆమె తిరిగి చూడకుంటనే నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. "నువ్వు ఊకో. చెల్క నాది, బేరం నాది."

రైతు అయిదన్నడు. ఆమె సరేనన్నది. అయిదు! ఒక్క మాట అనకుంట, ఒక్కసారి లేచి పోయినట్టు నటించకుంట, అయిదుకు సరేనన్నది. ఆయన కూడా బిత్తరపోయి, ఏదో తప్పు చేసినట్టు, ఇంకో మానికెడు తనంతట తనే పోసిండు. కుంచం నింపుతుంటే వదినె కల్లంల వంగి, జొన్నలు గుప్పిట్ల పట్టుకొని, కొంగుకు తుడుచుకొని, రెండు గింజలు నోట్లేసుకొని నమిలింది.

బండి తిరిగి సిద్దిపేట దారి పట్టింది. వదినె సంచి మీద కూసున్నది, కాళ్ళు కిందికి ఆడించుకుంట. ఎండకు ముసుగు జారినా సర్దుకోలే. నేను మొఖం ముడుచుకొని వేరే దిక్కు చూస్తున్న. నా రక్తం ఉడుకుతుండె. షావుకారి బిడ్డ కండ్ల ముందర మూడు కుంచాలు నేల పాలైనయి.

చాలా సేపటికి అడిగింది, "ఎట్లున్నది నా బేరం?"

"పాడుగున్నది," అన్న.

"ఉండనీ," అన్నది. "పాడు చేసింది నేనే గద."